రండి రండి అన్న మకావ్ చిలుక

తుమ్మలకోన అడవిలో ఒక కుందేలు, ఒక ఉడుత, ఒక ముసలి ముళ్ల ఎలుక ఉండేవి. ముళ్ల ఎలుకంటే ముళ్లపంది అనుకునేరు, కాదు. ఇది పిడికెడంతే ఉంటుంది. ఎవరైనా వస్తే ముడుచుకుని ముళ్ల బంతి అయిపోతుంది.

కుందేలు పిల్లలున్న పొద ముందే ముళ్ల ఎలుక పడక. అందుకే అడవిపిల్లి ఆ వైపు వచ్చేది కాదు.

ఒకనాడు ఏదో బంగళా పంజరంలోంచి తప్పించుకుని ఒక మకావ్ చిలుక వచ్చి ఆ పొద మీది కొమ్మపై వాలింది. ఎర్రటి ఒళ్లు, నీలం రెక్కలు, మూరెడు తోక! చూసినవాళ్లందరూ నోళ్లు తెరిచారు.

"ఛీ, ఏమిటిది? ముళ్ల మూటలా ఉంది!" అంది చిలుక, ముళ్ల ఎలుకను చూసి. "నిన్ను ఎవరైనా ముట్టుకుంటారా?"

"ముట్టుకోకూడదనే కదే ఈ ముళ్లు," అంది ముళ్ల ఎలుక.

"మా బంగళాలో ఎవరొచ్చినా 'రండి రండి, కూర్చోండి' అనేదాన్ని. నువ్వేమో ముడుచుకుంటావు. ఇదేం మర్యాద?"

"వచ్చిందెవరో ముందు చూసుకోవాలమ్మాయ్."

ఉడుత పకపకా నవ్వింది. కుందేలుకు సిగ్గేసింది. "అవ్వా, కాస్త ఆ బండ వెనక్కి పోరాదూ," అంది.

ముళ్ల ఎలుక బండ వెనక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అడవిపిల్లి వచ్చింది. ఉడుత చెట్టెక్కేసింది. కుందేలు బిగుసుకుపోయింది. పైనుంచి మాత్రం చిలుక గొంతు ఖంగుమంది.

"రండి రండి, కూర్చోండి!"

అడవిపిల్లి తెల్లబోయింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని రమ్మన్నవాళ్లు లేరు మరి! అది నిజంగానే కూర్చుంది.

"ఏం తీసుకుంటారు?" అంది చిలుక. బంగళా అలవాటు!

"ఆ కుందేలు పిల్లలు చాలు," అంటూ అడవిపిల్లి పొదలోకి పంజా విసిరింది.

మరుక్షణం కెవ్వుమంది. పంజా నిండా ముళ్లు! చిలుక పిలుపు విని ముళ్ల ఎలుక ఎప్పుడు దొర్లుకుంటూ వచ్చిందో, పొద నోట్లో బంతిలా ఇరుక్కుని ఉంది. కోపంతో అడవిపిల్లి పైకి ఎగిరి, దొరికిన చిలుక తోకను పీక్కుని పారిపోయింది.

"అవ్వా, తప్పైపోయింది. మళ్లీ ఇక్కడే ఉండవూ?" అంది కుందేలు.

"నీ కోసం కాదు, పిల్లల కోసం ఉంటా," అంది ముళ్ల ఎలుక. ఉడుతతో మాత్రం అది మళ్లీ మాట్లాడలేదు.

మర్నాడు పొదల్లో ఏదో అలికిడైంది. తోక లేని చిలుక నోరు తెరిచి, టక్కున మూసుకుంది.

"అవ్వా," అంది మెల్లగా, "ఎవరో కాస్త చూసి చెప్పవా?"

నీతి: రంగు చూసి నెత్తిన పెట్టుకోకూడదు, రూపు చూసి గుమ్మం కాచేవారిని తరిమేయకూడదు.