కొండెక్కాల్సిన దీపం

అనగనగా, రేడియో పెట్టెలో దేవుడే కూర్చుని పలుకుతాడని జనం చెంపలేసుకునే రోజుల్లో, గోదారి గట్టున పెంటయ్య అనే మైకుసెట్టు మనిషి ఉండేవాడు తల్లీ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, దిష్టి తగలకుండా ఆ పేరు పెట్టారు. జాతరలకి మైకు కట్టడం, తెగిన తీగలు అతకడం, రాముడికి దణ్ణం పెట్టుకోవడం. అంతే ఆయన బతుకు.

పోయిన పెళ్ళాం కుంకుమ భరిణెలో ఆయన బ్యాటరీలు, చిన్న టార్చిలైటు బల్బు బిగించి, రెండు తీగలు బయటికి లాగాడు. ఏ తీగ మంచిదో చెప్పే దీపం అది.

"బొట్టు భరిణెకి బల్బు పెట్టాడమ్మా వీడు," అని పక్కింటి వీరాయమ్మ నవ్వేది.

"నా పెళ్ళాం ఉన్నన్నాళ్ళూ ఈ భరిణె పట్టుకుని నా తప్పులు పట్టింది. ఇప్పుడు భరిణె తీగల తప్పులు పడుతోంది పిన్నీ," అనేవాడు.

ఓ వానాకాలం, ఎగువన గట్టు తెగింది. పొద్దుగూకేలోపు ఏటి నడుమ లంక మునుగుతుంది. పడవ పోదు. పెంటయ్య కూతురు సత్తెమ్మ పురిటిబిడ్డతో ఆ లంకలోనే ఉంది. మాట మోసే రేడియోలు రెండే. ఒకటి లంకలో, ఒకటి ఇవతల మేష్టారింట్లో. మేష్టారు పిలుస్తున్నారు. పలుకు లేదు.

"ఏరియల్‌కి పోయే తీగ చెడింది పెంటయ్యా. పాతవి మూడున్నాయి. ఏది మంచిదో నీ దీపాన్ని అడుగు," అన్నారు మేష్టారు.

ఆ తీగ లోపల నడిమి తీగ ఒకటి, దాని చుట్టూ సన్నటి తీగల అల్లిక ఒకటి. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు.

మొదటి తీగ. భరిణె తీగలు రెండూ నడిమి తీగకి ఈ కొసా ఆ కొసా పట్టాడు. దీపం వెలగలేదు. తెగిపోయింది. పక్కన పెట్టాడు.

రెండో తీగ. ఈ కొసా ఆ కొసా పట్టాడు. దీపం వెలిగింది. నడిమికీ అల్లికకీ పట్టాడు. అప్పుడూ వెలిగింది. చుట్టూ మూగిన జనం చేతులెత్తి మొక్కారు. పెంటయ్య దాన్నీ పక్కన పెట్టాడు.

"వెలిగేదాన్ని పారేస్తావేంట్రా?" అంది వీరాయమ్మ.

"లోపల రెండూ అంటుకుపోయాయి పిన్నీ. మాట మధ్యలోనే చచ్చిపోద్ది."

మూడో తీగ. ఈ కొసా ఆ కొసా పట్టాడు. దీపం వెలిగింది. రాముణ్ణి తలుచుకుని, భరిణె తీగ ఒకదాన్ని అల్లికకి జరిపాడు. దీపం కొండెక్కింది.

వీరాయమ్మ గుండెలు బాదుకుంది. "అయిపోయింది, లంక పోయింది."

పెంటయ్య ఆ ఆరిన బల్బుకి చేతులు జోడించాడు. కళ్ళు ధారలు కట్టాయి.

"కొండెక్కాల్సిన చోట కొండెక్కింది పిన్నీ. ఇదే మంచిది."

తీగ కట్టారు. మేష్టారు పిలిచారు. అంత గాలిలోంచి, అంత వానలోంచి పలుకు వచ్చింది. కాసేపటికి అందరినీ దిబ్బెక్కమని ఏటి నడుమ డప్పు మోగింది. కంటికి కనపడని మాట గోదారి దాటింది నాయనలారా, ఏమనుకోవాలి దాన్ని? పొద్దుగూకేసరికి లంక లేదు. నీళ్ళ నడుమ మిగిలిన ఎత్తు దిబ్బ మీద మనుషులున్నారు. సత్తెమ్మ ఒళ్ళో బిడ్డ ఉంది.

చాన్నాళ్ళకి పెంటయ్య పోయాడు. తలాపున పెట్టిన దీపం గాలికి ఆరింది. అందరూ బిక్కచచ్చిపోయారు. సత్తెమ్మ ఒక్కత్తే చేతులు జోడించింది.

"కొండెక్కాల్సిన చోట కొండెక్కింది," అంది.

ఈనాటికీ వానలు పడకముందే అక్కడ రేడియో తీగల్ని భరిణె దీపంతో చూస్తారు. వెలిగితే ఎవరూ నోరు మెదపరు. వెలగకూడని చోట వెలగకపోతే మాత్రం, చంటిపిల్లల చేతులు కూడా పట్టి దణ్ణం పెట్టిస్తారు. "పెంటయ్య దీపం తల్లీ, మొక్కు," అంటారు.