పెట్టెలో లేని చప్పుడు

సామర్లకోటలో మోటార్లకు వైండింగ్ చేసే గవర్రాజుకి ఎక్కడ ఏ పొరపాటు జరిగినా ముందుగా "ఇది ఎవరు చేశారు?" అని అడిగే గుణం ఉండేది. పాలు పొంగినా, సైకిల్లో గాలి దిగినా, ఎవరో ఒకరి పేరు దొరికేదాకా అతనికి నిమ్మళం ఉండేది కాదు.

ఈ ఒక్క గుణం పక్కన పెడితే అతను సరదా మనిషి. పాట వినడం కంటే ఆ పాట ఎలా పుడుతోందో చూడటం అతనికి ఎక్కువ ఇష్టం. పాత రేడియోల్లోంచి స్పీకర్లు ఊడదీసి, ఒకసారి కుండ మూతికి కట్టి వినేవాడు. ఒకసారి బకెట్లో పెట్టి వినేవాడు. అదే పాట కుండలో ఒకలా, బకెట్లో మరోలా పలికితే నోరు తెరుచుకుని చూసేవాడు. అతని చిన్ననాటి స్నేహితుడు సూరన్న వడ్రంగం చేసేవాడు. గవర్రాజు గీసిచ్చిన కొలతలకు సూరన్న చెక్క కోసి పెట్టెలు కట్టేవాడు. అలా ఇద్దరూ కలిసి ఇంట్లోనే చాలా స్పీకర్లు తయారు చేశారు.

ఒకరోజు నాట్యం నేర్పే హైమవతి టీచరు గవర్రాజు ఇంటికి వచ్చింది.

"మా హాల్లో పాట బాగానే వినిపిస్తోందండీ. మృదంగం మాత్రం వినపడటం లేదు. పిల్లలు తాళం తప్పుతున్నారు. వార్షికోత్సవం దగ్గరికి వచ్చేసింది" అంది.

"దానికి సబ్‌వూఫర్ కావాలి టీచరుగారూ. లోతైన చప్పుళ్లు మాత్రమే పలికే పెద్ద పెట్టె అన్నమాట. మేం చేసిపెడతాం" అన్నాడు గవర్రాజు.

ఇద్దరూ ఉత్సాహంగా పనిలోకి దిగారు. సూరన్న మందపాటి ప్లైవుడ్ కోసి, జిగురు పూసి, అంచులు కలిసేలా బిగించాడు. గవర్రాజు లోపల దూది పరిచి, వైర్లు కలిపి, పళ్లెమంత స్పీకరు బిగించాడు. ఆదివారం పొద్దున్న పెట్టెను నడిమింట్లో పెట్టి మృదంగం పాట వేశారు.

"దిం" అంది పెట్టె. ఎవరో అరచేత్తో గుండె మీద తట్టినట్టయింది. సూరన్న నవ్వుతూ నేల మీద చెయ్యి ఆన్చాడు. నేల కూడా పలుకుతోంది.

అంతలో ఒక దెబ్బ దగ్గర "జర్‌ర్‌ర్" అని చెడ్డ చప్పుడొకటి వచ్చింది. మళ్లీ వేశారు. మళ్లీ అక్కడే "జర్‌ర్‌ర్".

గవర్రాజు మొహం మారిపోయింది. "ఈ అతుకులు వేసింది నువ్వే కదూ?" అన్నాడు.

"నేనే. అగరుబత్తి పట్రా, చూద్దాం. అతుకులోంచి గాలి వస్తే పొగ ఊగుతుంది" అన్నాడు సూరన్న.

"పొగెందుకు? నా చెవులు చెప్పడం లేదూ? ఈ మధ్య నీ ధ్యాస పని మీద లేదు. తొందరలో ఏదోలా అంటించి పడేశావు."

సూరన్న తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నా తప్పయితే చూపించరా, సరిచేస్తాను. చూడకుండానే నాదంటే ఇంక నాకిక్కడ పనేముంది?" అని లేచి వెళ్లిపోయాడు.

గవర్రాజు ఆపలేదు. ఉలి తీసుకుని, ఒక అతుకు ఊడదీసి మళ్లీ తానే అంటిద్దామనుకున్నాడు. అతుకు ఊడలేదు. గట్టిగా పొడిచేసరికి అతుకు పక్కన చెక్కే పొరలు పొరలుగా చీలింది. అక్కడ జిగురూ రంపపు పొట్టూ కలిపి కూరాడు. అది ఆరాక మళ్లీ పాట వేశాడు. "జర్‌ర్‌ర్" అలాగే ఉంది.

"చూశావా తాయారూ, మొత్తం పెట్టే పాడుచేశాడు!" అని కేకేశాడు.

అతని భార్య తాయారు వంటింట్లోంచి వచ్చి కాసేపు విని, "ఆ చప్పుడు పెట్టెలోంచే వస్తోందని మీకెలా తెలిసిందండీ?" అని అడిగింది.

గవర్రాజు పాట ఆపాడు.

నిజమే, ఎలా తెలిసింది? పెట్టెను మోసుకెళ్లి పెరట్లో పెట్టి అదే పాట వేశాడు. మృదంగం కమ్మగా పలికింది. "జర్‌ర్‌ర్" లేదు! మళ్లీ నడిమింట్లోకి తెచ్చాడు. ఉంది! గవర్రాజుకి కోపం ఎటుపోయిందో తెలియలేదు. కుండ మూతికి స్పీకరు కట్టిన రోజుల నాటి ఆత్రం మళ్లీ పుట్టింది. ఫోనులోంచి పెట్టెలో ఒకే స్వరం పలికించి, దాని శ్రుతి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయాడు. ఒకచోట కిటికీ అద్దం గుసగుసలాడింది. ఇంకొంచెం పెంచితే అద్దం ఊరుకుని, చెంబులో నీళ్ల మీద సన్నటి గీతలు లేచాయి.

"తాయారూ, ఇది చూడు! ఇంట్లో ఒక్కో వస్తువూ ఒక్కో స్వరానికి పలుకుతోంది!" అన్నాడు.

ఇంకాస్త పెంచాడు. "జర్‌ర్‌ర్!"

"పైనుంచి!" అంది తాయారు. స్టూలు ఎక్కి అటక మీద ఉన్న ఇత్తడి గంగాళానికి వేలాడే కడియాన్ని చేత్తో పట్టుకుంది. చప్పుడు ఆగిపోయింది. వదిలింది. మొదలైంది.

"దీన్ని అక్కడ ఎవరు పెట్టారు?" అన్నాడు గవర్రాజు.

తాయారు నవ్వింది. "మీ అమ్మగారి కాలం నుంచీ అక్కడే ఉంది. ఎవరు పెడితే ఏంటండీ? గుమ్మనే చప్పుడుకి కడియం ఊగింది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

గవర్రాజు వెనక్కి తిరిగి పెట్టె వైపు చూశాడు. అగరుబత్తి వెలిగించి అతుకుల పక్కన తిప్పాడు. సూరన్న వేసిన అతుకుల దగ్గర పొగ నిటారుగా లేచింది. ఉలితో పొడిచిన చోట మాత్రం, మృదంగం మోగినప్పుడల్లా పక్కకి చెదిరింది. మొదట పెట్టెలో ఏ లోపమూ లేదు. ఇప్పుడు ఉంది. అది ఎవరు చేశారో అడగాల్సిన పని లేదు.

అతను సూరన్న షెడ్డుకి వెళ్లాడు. సూరన్న తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు. తల ఎత్తలేదు.

"తప్పు పెట్టెది కాదురా. అటక మీద గంగాళం కడియం మోగింది" అన్నాడు గవర్రాజు.

సూరన్న చెయ్యి ఆగింది. "కడియమా?" అన్నాడు ఆశ్చర్యంగా. వెంటనే మొహం బిగించి, "మరి పెట్టె?" అని అడిగాడు.

"నేనే ఉలితో చీల్చాను. చూడకుండా నీ మీద నోరు పారేసుకున్నాను. నన్ను క్షమించరా."

"అతుకు ఊడిందా?"

"ఊడలేదు. చెక్కే చీలింది."

సూరన్న చిత్రిక పక్కన పెట్టాడు. "చీలిన చెక్కకి జిగురు పూసి లాభం లేదు. ఆ పక్క పలక కోసేసి కొత్తది వెయ్యాలి. వేస్తాను. నీ కోసం కాదు, ఆ పిల్లల కోసం" అన్నాడు చివరికి.

కొత్త పలక బిగిస్తున్నంతసేపూ గవర్రాజు పక్కన నిలబడి దాన్ని కదలకుండా పట్టుకున్నాడు.

వార్షికోత్సవం రోజున హాలంతా మృదంగం పలికింది. పిల్లల గజ్జెలు ఒక్కసారి కూడా తాళం తప్పలేదు. హైమవతి టీచరు ఇద్దరినీ వేదిక మీదికి పిలిచి మెచ్చుకుంది. సూరన్న టీచరుకి నవ్వుతూ నమస్కారం పెట్టాడు. గవర్రాజుతో మాత్రం అడిగినదానికే జవాబు చెప్పాడు. మునుపటిలా తనంతట తానే వచ్చి, "టీ పెట్టమ్మా తాయారూ" అని వాళ్ల గుమ్మంలో కూర్చోవడానికి అతనికి ఇంకా చాలాకాలం పట్టింది. పలక మార్చినంత తేలిగ్గా మనసు మారలేదు.

నీతి: ఏదైనా చెడినప్పుడు లోపం ఎక్కడుందో ముందు వెతకాలి; వెతక్కుండా మనిషి మీద నింద వేస్తే, బాగున్నదాన్ని మన చేతులతోనే పాడుచేసుకుంటాం.