మోదుగ దొప్పల కింద వెలుగు

మూడు కొండల నడుమ ఈతకోన అనే అడవి ఉండేది. అందులో జింకలు, కుందేళ్ళు, ఏనుగులు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. అందుకని జంతువులన్నీ పొద్దు వాలాకే వాగుకు వెళ్ళి నీళ్ళు తాగేవి.

ఆ వాగు దారి ఉందే, ఒట్టి మాయదారి దారి! అన్నీ రాళ్ళు, వేర్లు, గుంతలు. గోరింట అనే జింకకు చుక్కి అనే కూన ఉంది. చుక్కి ఒక సాయంత్రం ఆ దారిలో జారిపడి కాలు బెణికించుకుంది. ఇక అప్పటినుంచి మసక పడితే చాలు, పొద దాటి అడుగు వేయదు. చాలినన్ని నీళ్ళు లేక కూన వాడిపోతుంటే గోరింట ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు ఏనుగు తాత సంతలో తేనె ఇచ్చి ఎనిమిది ఎల్ఈడీ దీపాలు తెచ్చాడు. పగలంతా ఎండ తాగి, పొద్దు గూకగానే వెలిగే దీపాలు! అడవి అడవంతా ఎగిరి గంతేసింది.

"తేనెపట్టు కొట్టింది నేను. నాలుగు దీపాలు నా బండ వాకిలికే!" అన్నాడు కొండముచ్చు కోటప్ప. సరేనన్నారు. మిగతా నాలుగూ వాగు దారికి. వాటిని పెట్టే పని ముళ్ళపంది సూదమ్మకు అప్పగించారు.

కోటప్ప ఆ పూటే నాలుగు దీపాలనూ బండ చుట్టూ ఆకాశం కేసి, ఎదుటివాళ్ళ ముఖాల కేసి తిప్పి పెట్టాడు. "మూడు కొండలకూ కనిపిస్తున్నాను, చూశారా!" అని తెగ మురిసిపోయాడు. గుడ్లగూబ మాత్రం ఆ వెలుగు భరించలేక గూడు మార్చుకుంది.

సూదమ్మ ఒక్క దీపమూ పెట్టలేదు. సాయంత్రం కాగానే వాగు దారిలో అందరి వెనకా నడిచేది. ఎవరు ఎక్కడ తడబడితే అక్కడ తన ముల్లు ఒకటి గుచ్చేది.

గోరింటకు ఓపిక చచ్చిపోయింది. "అత్తా, నా కూన నోరెండిపోతోంది. ఒక్కటైనా ఇప్పుడే పెట్టరాదూ?"

"తొందరపడి తప్పు చోట పెడితే నీ కూన మళ్ళీ పడుతుందే తల్లీ. మూడు సాయంత్రాలు ఓర్చుకో."

నాలుగో రోజుకు ముళ్ళన్నీ నాలుగు చోట్ల గుంపులు కట్టాయి. సూదమ్మ ఆ నాలుగు చోట్లా దీపాలు పెట్టింది. అవి ఎండ తాగడం అయ్యాక, వెలుగు కళ్ళలో కొట్టకుండా నేల మీదే పడేలా ఒక్కోదాని మీద మోదుగాకు దొప్ప గొడుగులా బోర్లించింది. అవి వేడెక్కని దీపాలు కాబట్టి ఆకులు మాడలేదు.

ఆ సాయంత్రమే కోటప్ప అందరినీ బండ దగ్గరికి పిలిచాడు. "చూడండి నా దూకుడు!" అని కొమ్మ మీదికి ఎగిరాడు. దీపాలు సూటిగా కళ్ళలో పడ్డాయి. కొమ్మ కనిపించలేదు. ధబేల్! కొండముచ్చు కొమ్మ తప్పడం ఆ అడవి ఏనాడైనా చూసిందా? దుమ్ములో పడి లేచి, ముఖం కడుక్కుందామని కుంటుతూ వాగు దారి పట్టాడు.

అప్పటికే ఆ దారి వెలుగుతోంది! ప్రతి రాయీ, ప్రతి వేరూ తేటగా కనిపించాయి. చుక్కి పొదలోంచి తల బయట పెట్టింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. అంతే, పరుగే పరుగు! గోరింటకు సంతోషంతో కళ్ళు నిండిపోయాయి.

మధ్యలో చుక్కి ఆగి వెనక్కి తిరిగింది. "కోటప్ప మామా, ఇక్కడ వేరు ఉంది. కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది తల్లీ," అన్నాడు కోటప్ప సిగ్గుపడుతూ.

చుక్కి కడుపు నిండా నీళ్ళు తాగింది. కోటప్ప ముఖం కడుక్కుని నేరుగా సూదమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అత్తా, నా వాకిట్లో కూడా మూడు సాయంత్రాలు నడిచి చూస్తావా? దొప్పలు నేను కుట్టి తెస్తాను," అన్నాడు.

నీతి: దీపం పెట్టాల్సింది మనం పదిమందికీ కనిపించడానికి కాదు, పదిమందికీ దారి కనిపించడానికి.