ఎర్రదీపం కింద కాగితం

శుక్రవారం మేనకోడలికి చెవులు కుట్టిస్తున్నారు. బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి. సొంత మేనమామ ఓబులేసు ఊళ్లోనే ఉండగా, వరసకు తమ్ముడయ్యే ఎవరినో అక్క పొరుగూరి నుంచి పిలిపించుకుంటోందట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఓబులేసుకు అన్నం సయించడం లేదు.

అతను ఆదోనిలో దస్తగిరి సాహెబు ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంటున్నాడు. చీకటిగదిలో, ఎర్రదీపం వెలుగులో ఫోటోలు కడుగుతూ ఉస్తాదు ముందర గోడు వెళ్లబోసుకున్నాడు.

"మా నాయన కర్మదినాల్లో, భోజనాల బంతిలో అందరి ముందర బావను 'తేరగా తినను వచ్చినోడివి' అంటిని. నిజమే. దానికి ఇంత సాధింపా ఉస్తాద్? చీర పంపితిని, తిప్పి పంపిరి. మిఠాయి పంపితిని, బర్రె తొట్లో పోసిరి. పెద్దమనుషుల్ని పంపితిని. ఆ రాయి కరగదే!"

"నువ్వు పోయినావా?"

"వాళ్ల గడప నేనెందుకు తొక్కాల? పంపుతానే ఉండా గదా!"

సాహెబు ఫోటో కాగితం ఒకటి తీసి రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్కను నల్లడబ్బాలో దాచాడు. రెండోది ఎర్రదీపం కిందే పెట్టి మధ్యాహ్నం దాకా పని చేసుకున్నాడు.

అప్పుడు దాచిన ముక్క బయటికి తీశాడు. బ్యాటరీ అయిపోవచ్చిన చిన్న టార్చికి నీలం గాజుకాగితం చుట్టి, ఆ ముక్క మీద రెప్పపాటు వెలిగించి ఆర్పేశాడు. రెండింటినీ మందునీళ్లలో వేశాడు.

ఎర్రదీపం కిందిది పాలలా తెల్లగా ఉంది. నీలం వెలుగు పడ్డది కాకిలా నల్లబడింది.

ఓబులేసు నవ్వాడు. "ఇది నాకు తెలీదా ఉస్తాద్? ఎర్రవెలుగుకు కాగితం చెడదు."

"ఎందుకు చెడదు?"

సాహెబు నల్లబడిన ముక్కను పైకెత్తి చూపించాడు.

"ఈ పూతలో వెండి ఉప్పుంది. దాని అణువులు ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకోనుంటాయి. వెలుగు తునకలు తునకలుగా వచ్చి తగుల్తాది. ఒక్క తునకలో చాలినంత బలముంటేనే ఎలక్ట్రాను ఊడొస్తాది. నీలం తునకలో ఆ బలముంది. ఎర్రదాంట్లో లేదు."

"పొద్దుటి నుంచి అన్ని ఎర్రతునకలు పడినాయి గదా. అన్నీ కలిస్తే చాలవా?"

"కలవవురా. చిన్నవి ఎన్ని పంపినా చిన్నవే."

ఓబులేసు ఆ తెల్లకాగితాన్ని చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత చేతులు కడుక్కుని, ఎండలోకి నడిచాడు.

బావ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇతన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. అరుగుల మీది ఆడవాళ్లు మాటలాపి చూస్తున్నారు.

"తప్పు నాది బావా. ఆ మాట అనకూడదు, అంటిని," అన్నాడు ఓబులేసు, వీధంతా వినబడేలా.

బావ మంచం మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.