దర్బుకా ఆగిన చోట

విశాఖపట్నం పెదవాల్తేరులో తన్మయి అనే అమ్మాయి ఉండేది. బెల్లీ డాన్స్ అంటే ప్రాణం పెట్టేది గానీ, కాసేపు కూర్చుని వినమంటే మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు.

ఆమెకు ఆ నాట్యం నేర్పేది నాదియా. పుట్టింది ఈజిప్టులో. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసే భీమిలి ఆయన్ని పెళ్ళాడి ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళయింది. చేపల బజారులో ఆవిడ బేరమాడుతుంటే జనం ఆగి మరీ వినేవారు, మన యాస అంత బాగా అబ్బింది. ఆవిడ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. మొదటి అరగంట ఎవరూ లేచి ఆడకూడదు. ఆవిడ కూజా ఆకారంలో ఉండే దర్బుకా అనే డోలును ఒళ్ళో పెట్టుకుని వాయిస్తుంటే, అందరూ కింద కూర్చుని చప్పట్లతో ఆ దరువు పట్టుకోవాలి. మధ్యమధ్యలో ఆవిడ తన నానమ్మ ఇంటి పెళ్ళిళ్ళ గురించి చెప్పేది. అక్కడ ఆడవాళ్ళంతా గుండ్రంగా చేరి, ఒకరి నడుముకి ఒకరు గుడ్డ కట్టి మరీ ఆడించేవారట.

తన్మయి సరిగ్గా ఆ అరగంట అయ్యాకే వచ్చేది, ఆ పెళ్ళి కబుర్ల చివరి ముక్కలే ఆమె చెవిన పడేవి. అడుగులు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి ఈ చప్పట్లెందుకని ఆమె వాదన. ఫోన్లో ఒకే పాట పెట్టుకుని ఇంట్లో వందసార్లు సాధన చేసేది. నడుముకి మూడు వరసల రేకు బిళ్ళల పట్టీ కట్టుకుని తిరిగిందంటే గదంతా గలగలలాడేది.

"నడుం బాగానే మాటాడతంది గానీ, చెవులెక్కడ పెట్టీసినావమ్మా?" అనేది నాదియా.

"చెవులతో ఎవరాడతారు మేడమ్," అని నవ్వేసేది తన్మయి.

ఆ ఏడు నగరంలో జరిగే నాట్యోత్సవానికి ఎంపికలు మొదలయ్యాయి. తన్మయి బెల్లీ డాన్స్ పేరు చెప్పగానే, అది నాట్యమా, నడుం ఊపడమా అని కమిటీవాళ్ళు పెదవి విరిచారు. తన్మయి ఊరుకుంటుందా? గంటసేపు వాళ్ళతో వాదించి ఒక్క అవకాశం సాధించింది. నెగ్గితే ఈ నాట్యం మొదటిసారి ఆ పెద్ద వేదిక ఎక్కుతుంది. ఓడితే మళ్ళీ ఆ గడప తొక్కే వీల్లేదు. కమిటీ పెద్ద సోమయాజులుగారు మృదంగ విద్వాంసుడు. అందరికీ ఉన్న నియమమే ఆమెకూ చెప్పారు: రికార్డు పాటలు పనికిరావు, పక్కన వాద్యం ఉండాలి.

నాదియా తానే వాయిస్తానంది. అయితే ఈ వారం రోజులూ వచ్చి కూర్చుని వినమంది. ఫోన్లో ఉన్న పాటే వాయించండి, చాలు అంది తన్మయి.

"నాది ఫోను కాదమ్మా, చెయ్యి. రోజుకోలాగ పలుకుతాది," అంది నాదియా. తన్మయి అదీ వినలేదు.

ఎంపిక రోజు వచ్చింది. దరువు మొదలైంది, బిళ్ళలు గలగలమన్నాయి, చూసేవాళ్ళు కుర్చీల్లో ముందుకు జరిగారు. అంతలో దర్బుకా టక్కున ఆగింది. ఆ క్షణంలో ఆడేవాళ్ళు కూడా బొమ్మల్లా నిలబడిపోవాలి. ఆ నాట్యంలో అసలు అందం అదే. తన్మయి ఫోన్ పాటలో అలాంటి చోటు లేదు. ఆమె ఇంకో రెండు చుట్లు తిరిగేసింది. ఆ నిశ్శబ్దంలో రేకు బిళ్ళల మోత ఒక్కటే వినబడింది. హాలు గొల్లుమంది.

"డోలు ఒక దారి, నువ్వో దారి. ఇందుకేనా అమ్మాయ్, గంటసేపు మాతో దెబ్బలాడావు?" అన్నారు సోమయాజులుగారు.

తన్మయి తిరిగి చూస్తే నాదియా తల వంచుకుని డోలును నిమురుతోంది. ఆ నవ్వు తన మీద కాదు, నాదియా నానమ్మ ఇంటి పెళ్ళిళ్ళలో ఆడిన ఆడవాళ్ళందరి మీదా పడినట్టు అనిపించింది తన్మయికి. నడుముకున్న పట్టీ విప్పి పక్కన పడేసింది.

"తప్పు నాది, నాట్యానిది కాదు. ఐదు నిమిషాలివ్వండి సార్," అంది.

ఆయన గడియారం చూసి తలూపారు. తన్మయి వెళ్ళి నాదియా పక్కన నేల మీద కూర్చుంది. నాదియా దరువు మొదలెట్టింది: దుమ్ తక్ తక, దుమ్ తక్. మొదటి రెండుసార్లు చప్పట్లు తప్పాయి. మూడోసారి చేతికి చిక్కింది. నాలుగోసారికి ఒళ్ళు ఝల్లుమంది. నాదియా తన నూలు చున్నీ తీసి ఆమె నడుముకి ముడి వేసింది.

"నాను ఆగితే నువ్వాగు," అని మాత్రం అంది.

నేర్చిన అడుగులన్నీ వదిలేసి, రెండే రెండు అడుగులతో ఆడింది తన్మయి. దుమ్ అంటే నడుము, తక్ అంటే భుజం. దర్బుకా ఆగింది. ఆమె కూడా ఆగింది. హాల్లో ఎవరూ దగ్గనైనా లేదు. నాదియా వేలికొసతో డోలు చర్మాన్ని మెల్లగా గీరింది. చున్నీ ముడి ఒక్కటే సన్నగా వణికింది. సోమయాజులుగారి చెయ్యి ఆయనకు తెలియకుండానే తొడ మీద తాళం వేస్తోంది.

పెద్ద వేదిక మీద చోటు దొరికింది. మొదటి ఆట చెడిందని పది నిమిషాలకు బదులు నాలుగే ఇచ్చారు. మర్నాడు నాదియా తలుపు తీసేసరికి తన్మయి గుమ్మం ముందు కూర్చుని, గడప మీద దరువు వేస్తూ కనబడింది.

ఏ కళనైనా నలుగురికీ చూపించాలనుకునేవాళ్ళు ముందు కుదురుగా కూర్చుని దాని మాట వినడం నేర్చుకోవాలి.