వెనక అంచున పలచని గాలి

విమానాల రెక్కల శాస్త్రం చెప్పే రంగాచార్యులు గారికి, శిష్యులు ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు లేదు.

విశాలాక్షి ఆయన దగ్గర పరిశోధన చేస్తోంది. గాలిని జోరుగా పారించే గాలి సొరంగంలో నమూనా రెక్కను నిలిపి, దాని వెనక అంచున ఉన్న సన్నని చీలికలోంచి గాలిని పలచని తెరలా కిందికి చిమ్మించి చూడటం ఆమె పని. ఆ తెర తోసే బలం కొద్దిపాటిది. రెక్క మాత్రం అంతకు ఎన్నో రెట్ల బలంతో పైకి లేస్తోంది. కొలిచే పరికరంలోనే దోషం ఉందనుకుని విప్పి మళ్ళీ బిగించింది. ఫలితం మారలేదు.

"ఆ మిగతా బలం ఎక్కడిది మాస్టారూ? ఇది తేలకపోతే నేనిక మానేస్తాను" అంది.

ఆయన యంత్రం ఆపి, "ఇంటికి రా అమ్మా, కాఫీ తాగుదాం" అన్నారు.

ఇంట్లో ఆయన భార్య అలివేలమ్మ గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. జారిపడి విరిగిన కాలు అతుక్కుంది. డాక్టరు నడవమన్నాడు కూడా. ఆవిడకే ధైర్యం చాలడం లేదు.

"అమ్మగారిని వంటింటి దాకా నడిపించు" అన్నారాయన.

విశాలాక్షి చంకల కింద చేతులు వేసి ఎత్తబోయింది. ఆవిడ బరువంతా ఆమె మీదే వాలింది. ఇద్దరూ తూలి మంచం మీదే కూలబడ్డారు.

"నీకెందుకు తల్లీ ఈ అవస్థ. అందరికీ బరువైపోయాను" అంటూ అలివేలమ్మ గారు మొహం తిప్పుకున్నారు.

"ఎత్తకమ్మా. లేచాక నడుం వెనక అరచెయ్యి ఆనించు, చాలు" అన్నారు ఆచార్యులు గారు.

మంచం అంచు పట్టుకుని ఆవిడ మెల్లగా లేచారు. విశాలాక్షి చెయ్యి ఆనించింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆవిడ వెన్ను నిటారైంది. తల పైకి లేచింది. ఒక పాదం కదిలింది, దాని వెనకే రెండోది. గోడ తడుముకుంటూ గడప దాటి, వంటింట్లో పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డారు. కాఫీ ఫిల్టరు మూత తీసి చూసి, "ఇన్నాళ్ళూ ఈ నీళ్ళేనా తాగుతున్నారు?" అని భర్తను అడిగారు.

ఆయన కిటికీ వైపు తిరిగారు.

విశాలాక్షి తన అరచేతిని చూసుకుంది. "నా చేతికి బరువే తగల్లేదు మాస్టారూ."

"ఇన్నాళ్ళూ నువ్వు ఆ తెరనే చూశావమ్మా. నీ చెయ్యిలాగే అదీ ఎత్తదు, రెక్క చుట్టూ పారే గాలిని మళ్ళిస్తుందంతే; ఎత్తేది ఆ గాలి" అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "రేపు రెక్క ముందున్న గాలి ఎటు వంగుతోందో చూడు."