పంకా గవరయ్య రాతిపలక

తెల్లదొరల కాలంలో సముద్రానికి దగ్గరగా ఓ చిన్న సంస్థానం ఉండేది. రాజు జగన్నాథ భూపతిగారికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాక కాలు నేల మీద నిలిచేది కాదు. ఇంగ్లీషులో 'లీ' మన 'గారు' లాంటిదనీ, ఏ మాటకి తగిలించినా మర్యాద పెరుగుతుందనీ ఆయన గట్టి నమ్మకం.

ఆ కొలువులో నలభై ఏళ్లు పంకా లాగిన గవరయ్య ఆ వేసవిలో పోయాడు. కప్పు నుంచి వేలాడే గుడ్డ పంకా ఊగి గాలి వచ్చేలా, గోడ అవతల కూర్చుని తాడు లాగే ఆ మనిషి ముఖం సభలో సగంమందికి తెలియదు. రాజుగారికి ఇంగ్లీషు చెప్పే కామేశం పంతులికి మాత్రం అతను రోజూ పలకరించుకునే స్నేహితుడు. పంతులికి దుఃఖం ఆగలేదు.

అతను కూర్చున్న చోట రాతిపలక వేయిస్తామన్నారు రాజుగారు. రాత కూడా తామే రాశారు: "గవరయ్య వర్క్‌డ్ హార్డ్‌లీ."

పంతులు కంగారుగా అడ్డుపడ్డాడు.

"మహాప్రభో, హార్డ్ అంటే ఒళ్లు వంచి చేశాడని. హార్డ్‌లీ అంటే చేసీ చెయ్యనట్టు చేశాడని."

"పోయినవాడికి ఆమాత్రం మర్యాద చెయ్యొద్దూ? మా రాతలో అక్షరం కొట్టేసినవాడికి ఈ కొలువులో చోటు లేదు!"

మర్నాడే చెక్కడం. చదువొచ్చిన ప్రతివాడూ గవరయ్యని సోమరి అనుకుంటాడు. పంతులికి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. పనివాడు పోతే, అతని పనిముట్టుని రాజు ఒకసారి పట్టుకున్నాకే కొత్తవాడికి ఇస్తారు. మర్నాడు పొద్దున్న రాజుగారు గోడ అవతల గవరయ్య చోట కూర్చుని పంకా తాడు అందుకోగానే పంతులు చేతులు జోడించాడు.

"ఊరికే పట్టుకోవడమేనా ప్రభూ? కాసేపు లాగితే గవరయ్య ఆత్మ సంతోషిస్తుంది."

"కాసేపేమిటి, సభ ముగిసేదాకా లాగుతాం!"

రెండో అర్జీ చదివేసరికి రాజుగారి భుజాలు పీకాయి. మూడోదానికి అరచేతులు బొబ్బలెక్కాయి. "అబ్బా!" అని తాడు వదిలేశారు.

"మహాప్రభో, తమరిప్పుడు లాగింది హార్డ్‌లీ. గవరయ్య నలభై ఏళ్లు లాగింది హార్డ్."

రాజుగారు పకపకా నవ్వారు. "మా రాతని మా చేతే కొట్టించావు కదయ్యా!" అన్నారు. అంతలో గవరయ్య వీపు ఆని ఆని నల్లబడ్డ గోడ కంటబడింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తామే 'లీ' కొట్టేసి, పంతులికి శాలువా కప్పారు.

పలక నిలబెట్టిన రోజు గవరయ్య భార్య పైడితల్లి వచ్చింది.

"ఏటి రాసినారు బాబూ?"

"కష్టపడి పనిచేశాడని రాజుగారే రాయించారమ్మా," అన్నాడు పంతులు.

ఆమె ఆ అక్షరాలు తడిమింది. పక్కనే ఉన్న రాజుగారి వైపు తిరిగింది.

"ఆ ఒక్క ముక్క మా మావ బతికున్నప్పుడు అనుంటే, ఎంత మురిసిపోయీవోడో బాబూ!"

రాజుగారు తల వంచుకున్నారు. పంతులు దాచుకోకుండా ఏడ్చేశాడు.